ఎడమ చెంప ఉబ్బిన రొయ్య

"రొయ్యకి గవదబిళ్ళలు వచ్చినట్టు ఉంటుంది అత్తయ్యగారూ," అని చెప్పాను, పెళ్ళైన కొత్తలో, నా పీహెచ్‌డీ దేని మీదో ఆవిడ అడిగినప్పుడు. "ఒక చెంప మామూలుగా ఉంటుంది, రెండోది ఉబ్బి ఉంటుంది. ఆ ఉబ్బులో ఒక పురుగు కాపురం ఉంటుంది. నేను చదివేది ఆ పురుగు గురించి."

ఆవిడ ఒత్తులు చేసుకుంటున్నారు. చెయ్యి ఆపి నా వైపు చూశారు.

"రొయ్య గురించి కూడా కాదా? రొయ్యలో పురుగు గురించా?"

"అవునండి."

"దానికి డాక్టరేటు ఇస్తారా?"

"ఇస్తారండి."

"ఇస్తే మంచిదే," అన్నారు, పెద్దగా నమ్మకం లేకుండా.

మా అత్తవారిది కోనసీమ నుంచి వచ్చి రాజమహేంద్రవరంలో స్థిరపడ్డ పౌరోహిత్యం ఇల్లు. మావారు ధవళేశ్వరంలో ఇరిగేషన్ ఆఫీసులో పనిచేస్తారు గానీ ఇంటి పద్ధతులేమీ మారలేదు. మా వంటింట్లోకి ఇప్పటిదాకా కోడిగుడ్డు కూడా రాలేదు. మా పుట్టింట్లోనూ అంతే. అలాంటి ఇంటి పిల్ల జువాలజీ ఎందుకు తీసుకుందంటే, మెడిసిన్ సీటు రాక. తీసుకున్నాక నచ్చింది, ఉండిపోయాను.

ఆ రోజు అత్తయ్యగారు ఒకే ఒక్క షరతు పెట్టారు. "కుడి చేత్తో మాత్రం ముట్టుకోకమ్మా. దీపం పెట్టే చెయ్యి, రేపు పిల్లలకి ముద్ద పెట్టే చెయ్యి. ఎడం చేత్తో ఏం చేసుకుంటావో నీ ఇష్టం."

చదువు మానెయ్యమంటారేమోనని భయపడుతూ కూర్చున్నదాన్ని, ఎగిరి గంతేసి ఒప్పుకున్నాను.

నా రొయ్యలు చెరువుల్లో పెంచేవి కావు, కూరకి పనికొచ్చేవీ కావు. కాకినాడ అవతల మడ అడవుల పక్కన, ఆటు సమయంలో నీళ్ళు వెనక్కి తగ్గితే బయటపడే బురదలో బొరియలు తవ్వుకుని ఉంటాయి. వేలెడంత పొడవు, పాలిపోయిన రంగు, మెత్తటి ఒళ్ళు. బొరియ నోటి మీద గొట్టం పెట్టి లాగితే బురదతో పాటు పైకి వస్తాయి. ఆ గొట్టం మావారే పీవీసీ పైపుతో చేసిపెట్టారు. సైకిల్ పంపు గాలి కొట్టడం మానేసి పీల్చడం మొదలుపెడితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. పౌర్ణమికీ అమావాస్యకీ నీరు బాగా వెనక్కి పోతుంది కాబట్టి గోడకున్న పంచాంగం చూసుకుని బయల్దేరేదాన్ని.

"ఈ వంశంలో తిథి చూసుకుని రొయ్యలకి వెళ్ళినదానివి నువ్వొక్కదానివే," అనేవారు అత్తయ్యగారు, నాకు పులిహోర డబ్బా కట్టి ఇస్తూనే.

బురదలో మోకాళ్ళ లోతున నిలబడి, పైకి వచ్చిన ప్రతి రొయ్యనీ ఎడమ అరచేతిలో పడుకోబెట్టేదాన్ని. తల నా వేళ్ళ వైపు ఉండేలా, కదలకుండా బొటనవేలితో అదిమిపట్టి, కుడి చేతిలోని ఫోర్సెప్స్‌తో దాని మీది బురద తుడిచి చూసేదాన్ని. చెంప ఉబ్బి ఉంటే ఒక సీసాలోకి, లేకపోతే ఇంకో సీసాలోకి. నీరు మళ్ళీ ఎక్కేలోపు ఎన్ని చూడగలిగితే అన్ని.

తడి ఇటుక ఎత్తితే కింద బంతిలా ముడుచుకుపోయే బూడిద రంగు పురుగు ఉంటుంది చూడండి, నా పురుగు దానికి దూరపు చుట్టం. ఐసోపాడ్లు అంటారు ఆ గుంపుని. ఇటుక కిందది తన తిండి తనే వెతుక్కుంటుంది. నాది రొయ్య చెంప లోపలి మొప్పల గదిలో దూరి, దాని రక్తం తాగుతూ, అక్కడే పెరిగి, అక్కడే పిల్లల్ని కంటుంది. ఆడది చిక్కుడు గింజంత ఉంటుంది. కళ్ళు ఉండవు, రంగు ఉండదు. ఇరుకు గదిలో పెరుగుతుంది కాబట్టి ఒళ్ళంతా ఒక పక్కకి వంగిపోతుంది. పొట్ట కింద సన్నటి పలకల మధ్య గుడ్లు కిక్కిరిసి ఉంటాయి. మగది నువ్వుగింజంత. ఆడదాని తోక అడుగున అంటిపెట్టుకుని ఉండిపోతుంది. పసి పురుగుల్లో ఆడా మగా తేడా ఇంకా తేలదు. రొయ్యలోకి ముందు చేరింది ఆడది అవుతుంది, తర్వాత వచ్చింది మగది అవుతుంది.

ఈ ముక్క అత్తయ్యగారికి భలే నచ్చింది. "అయితే మగాడు ఇల్లరికం అన్నమాట," అని, అప్పుడే ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు విప్పుతున్న కొడుకుని చూసి నవ్వారు. "విన్నావురా? నువ్వుగింజంత ఉంటాట్ట, నోరెత్తకుండా పడి ఉంటాట్ట."

"నాకు కొత్తేముంది," అన్నారు మావారు.

వర్గీకరణ అంటే బయటివాళ్ళకి పేర్లు బట్టీ పట్టడంలా కనిపిస్తుంది. నిజానికి అది చూడటం. మైక్రోస్కోపు కింద పెట్టి, కాళ్ళ కొక్కేలు, పలకల అంచులు, తోక దగ్గరి రేకులు ఒక్కొక్కటే చూసి బొమ్మ గియ్యాలి. నీడ కావాలంటే పెన్సిల్‌తో రుద్దకూడదు, సన్నటి చుక్కలు పెట్టాలి. గీశాక ఇప్పటిదాకా ప్రపంచంలో ఎవరైనా గీసిన బొమ్మలతో పోల్చాలి. ఎక్కడా కలవకపోతే అప్పుడు గుండె కొట్టుకోవడం మొదలవుతుంది. నా పురుగు ఎక్కడా కలవలేదు. దీనికి దగ్గరి జాతి ఒకటి ఉంది గానీ, అందులో మగదాని పొట్ట భాగం విడి విడి గొలుసు ముక్కల్లా కాకుండా ఒకే పలకగా కలిసిపోయి ఉంటుంది. నా మగదానికి ముక్కలు విడివిడిగా ఉన్నాయి, పక్కలకి చిన్న చిన్న మొనలు కూడా ఉన్నాయి. పైగా నాకు దొరికినవన్నీ రొయ్య కుడి చెంపలోనే దొరికాయి. "ఈ జాతి ఎప్పుడూ కుడి మొప్పల గదిలోనే నివసిస్తుంది" అని పేపర్లో రాసుకున్నాను. అంత అందమైన వాక్యం నేను ఇంకోటి రాయలేదనుకున్నాను.

నా గైడు మేడమ్ పేపరు చదివి, పరిశోధన పత్రికకి పంపించేశారు. అప్పటికి నాకు నెలలు నిండాయి.

బాబు పుట్టాక నేను ఇంకో మనిషిని అయిపోయాను. ఊపిరి ఆడుతోందా లేదా అని ముక్కు దగ్గర వేలు పెట్టి చూడటం, పాలు తాగాక కక్కితే డాక్టరుకి ఫోను చెయ్యడం, ఒంటి మీద చిన్న మచ్చ కనిపిస్తే ఫోటో తీసి ఇంటర్నెట్‌లో వెతకడం. రోజులో సగం వాణ్ణి చూడటమే పని. అయినా ఏదో చూడకుండా వదిలేశానేమోనన్న దిగులు. వీడు పడుకున్నాకే నాకు కాస్త తీరిక. ఇది రాస్తున్నది కూడా అలాంటప్పుడే, పక్కన వాడి ఊపిరి వినపడుతుండగా.

వాడు బోర్లా పడటం నేర్చుకుంటున్న రోజుల్లో పత్రిక నుంచి జవాబు వచ్చింది. పేపరు చదివి తీర్పు చెప్పే పరిశీలకులిద్దరిలో ఒకరు మెచ్చుకున్నారు. రెండోవారు మర్యాదగా నరికేశారు. ఆడవాటిలో నేను చూపించిన తేడాలన్నీ ఒకే పక్కన పెరగడం వల్ల వచ్చిన వంకరే కావచ్చు అన్నారు. మగది ఒక్కటే దొరికింది కదా, అది లేతది అయ్యుంటే పొట్ట ముక్కలు ఇంకా కలవకుండా ఉండటంలో వింత లేదు అన్నారు. ఎడమ చెంపలో ఉన్నవి, మగవాటితో సహా చూపించండి, లేకపోతే ఇది పాత జాతే అనుకోవలసి వస్తుంది అన్నారు.

మేడమ్ ఫోన్లో మెత్తగా చెప్పారు. "పోనీలేమ్మా. పాత జాతి మన తీరంలో కూడా ఉందని ఒక చిన్న పేపరు రాసేద్దాం. చంటిపిల్లాడితో ఇప్పుడు నువ్వు బురదలోకి ఏం వెళ్తావు?"

"గడువు ఇంకా ఉందా మేడమ్?"

"ఉంది గానీ, ఎడమ వైపు ఉండదని నువ్వే రాశావు కదా. లేనిదాన్ని ఎక్కడి నుంచి తెస్తావు?"

ఆవిడ అన్నది నిజం. నా అందమైన వాక్యం నా మెడకే చుట్టుకుంది. పురుగు కొత్తది కాకపోతే పోయింది, ప్రపంచం మునిగిపోదు. కానీ నేను రెండేళ్ళు కళ్ళు పెట్టి చూసిన ఒకే ఒక్క వస్తువు అది. అదీ సరిగ్గా చూడలేదంటే, ఇక నా కళ్ళని దేనికి నమ్మాలి? వీడి ఊపిరి లెక్కకి నమ్మాలా?

ఆ దిగుల్లోనే రెండు మూడు వారాలు గడిచాయి. ఒకరోజు పొద్దున్న వంటింట్లో బాబుకి ఉగ్గు పట్టి, ఎడం చేతి మీద పడుకోబెట్టుకుని జోకొడుతున్నాను. అత్తయ్యగారు కత్తిపీట ముందు బెండకాయలు పెట్టుకుని కూర్చున్నారు. "ఇటివ్వు, తేన్పు వచ్చేదాకా భుజాన వేసుకుంటాను," అని చేతులు కడుక్కుని వాణ్ణి తీసుకున్నారు. తీసుకోగానే కేక పెట్టారు.

"అయ్యో, అయ్యో! ఈ దవడ మీద బొబ్బ చూశావా అమ్మాయ్? దోమ ఎంత గట్టిగా కుట్టిందో! ఎర్రగా ఉబ్బిపోయింది."

నేను గబుక్కున లేచాను. నిజమే. వాడి కుడి చెంప మీద, చెవి కిందుగా, రేగుపండంత బొబ్బ. ఒక పూట వయసు అయినా ఉంటుంది దానికి.

"నేను పొద్దున్నుంచీ వాణ్ణే చూస్తున్నానండి!"

"చూస్తావులే. ఎప్పుడూ ఎడం చేతి మీదే వేసుకుంటావు. ఆ చెంప నీ ఒంటికే ఆనుకుని ఉంటుంది. ఇంక నీకేం కనిపిస్తుంది, నా మొహమా?"

నాకు ఏడుపు రావాలి. వచ్చేది కూడా. కానీ ఆవిడ మాట చెవిలో పడ్డ చోటే ఆగిపోయింది. ఎడం చెయ్యి. ఆనుకున్న చెంప.

కత్తిపీట పక్కనున్న బెండకాయ ఒకటి తీసి ఎడమ అరచేతిలో పడుకోబెట్టాను. తొడిమ నా వేళ్ళ వైపు. బొటనవేలితో అదిమాను. సరిగ్గా బురదలో నిలబడి పట్టుకున్నట్టే. నా బొటనవేలు బెండకాయ ఎడం పక్కన, తొడిమకి కాస్త కిందుగా, చెంప ఉండే చోట అతుక్కుపోయి ఉంది.

"ఏంటే అది? పిల్లాడికి దోమ కుడితే బెండకాయతో ఏం చేస్తున్నావు?"

"అత్తయ్యగారూ, దీనికి ఎడం చెంప ఉబ్బి ఉంటే నాకు కనిపిస్తుందా?"

"బెండకాయకి చెంపేంటి! నిద్ర లేక నీకు మతి పోతోంది. వెళ్ళి ఆ కొబ్బరినూనె సీసా పట్రా ముందు."

నూనె తెచ్చి ఇచ్చాను. ఆవిడ రాస్తుంటే నేను నవ్వాపుకోలేకపోయాను. రెండేళ్ళు నేను ప్రతి రొయ్య ఎడం చెంపనీ నా బొటనవేలితో మూసిపెట్టి, కుడి చెంపని మాత్రమే చూశాను. ఎడమ వైపున్నవి లేకపోవడం కాదు. అవన్నీ "ఉబ్బు లేనివి" అని రాసిపెట్టిన సీసాల్లోకి వెళ్ళిపోయాయి. ఆ సీసాల్ని నేను పారెయ్యలేదు. కాలేజీ ల్యాబులో, బీరువా కింది అరలో, స్పిరిట్లో భద్రంగా ఉన్నాయి.

మర్నాడు కాలేజీకి వెళ్ళాను. బాబు పాలకోసం ఏడుస్తాడని అత్తయ్యగారు కూడా వాణ్ణెత్తుకుని ఆటోలో వచ్చారు. ల్యాబు గుమ్మం దాటనని ముందే చెప్పారు. వరండాలో కుర్చీ వేయించుకుని, స్పిరిట్ వాసనకి కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని కూర్చున్నారు.

నేను ఈసారి రొయ్యల్ని చేత్తో పట్టుకోలేదు. తెల్ల ట్రేలో నీళ్ళు పోసి, సీసా వంచి, ఫోర్సెప్స్‌తో ఒక్కొక్కదాన్నీ వీపు పైకి వచ్చేలా వరసగా పడుకోబెట్టాను. మొదటి సీసాలో అన్నీ మామూలువే. రెండో సీసాలోవీ సగం దాకా మామూలువే. ఒకవేళ మేడమ్ అన్నదే నిజమైతే? బెండకాయ నాకిచ్చిన ధైర్యం బెండకాయ అంతేనా?

అప్పుడు కనిపించింది. ఎడం చెంప, చిక్కుడు గింజ బుగ్గన దాచుకున్నట్టు. పెంకు కింద నుంచి పసుపుపచ్చగా ఏదో. సూదితో పెంకు అంచు ఎత్తాను. ఆడది. గుడ్లతో నిండుగా ఉంది. వంకర మాత్రం ఎదురు పక్కకి, అద్దంలో చూసినట్టు. మైక్రోస్కోపు కింద పెట్టి తోక దగ్గర రేకులు మెల్లగా పక్కకి జరిపాను. మగది అక్కడే ఉంది. పొట్ట ముక్కలు విడివిడిగా, మొనలతో.

అరిచాను. ఏమని అరిచానో గుర్తులేదు. అత్తయ్యగారు కంగారుపడి బాబుతో సహా లోపలికి వచ్చేశారు. గుమ్మం సంగతే మర్చిపోయారు.

"ఏంటే, ఏమైంది? చెయ్యి తెగిందా?"

"దొరికిందండి! ఎడమ వైపుది దొరికింది! ఇదిగో చూడండి."

"నేనా? ఛీ."

"ఒక్కసారి. ముట్టుకోనక్కర్లేదు, కన్ను ఆన్చితే చాలు."

బాబుని నా చేతికిచ్చి, కొంగు సర్దుకుని, ఒక కన్ను మూసి వంగారు. చాలాసేపు అలాగే ఉండిపోయారు.

"ఇన్ని గుడ్లా!" అన్నారు చివరికి. "పాపం, కళ్ళు కూడా లేవు. ఎలా సాకుతుందమ్మా ఇన్నింటిని?" మళ్ళీ వంగి చూశారు. "అల్లుడుగారు కూడా ఉన్నాడే కింద!"

ఆ రోజు సీసాలన్నీ తిరగేశాను. ఎడమ చెంపవి ఇంకా దొరికాయి. కొన్నింటిలో మగవీ దొరికాయి. గుడ్లతో నిండిన ఆడవాటి పక్కన ఉన్న మగవి లేతవి ఎందుకవుతాయి? అన్నింటికీ పొట్ట ముక్కలు విడివిడిగానే ఉన్నాయి, ఒక్కటి కూడా కలిసిపోలేదు. కుడి ఆడదాన్నీ ఎడమ ఆడదాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే, వంకర తప్ప పలకల అంచులూ కొక్కేలూ అచ్చం ఒకటే. పాత జాతి బొమ్మతో మాత్రం ఏదీ కలవలేదు. పరిశీలకులు అడిగిన ప్రతి ప్రశ్నకీ జవాబు ట్రేలో పడుకుని ఉంది.

మేడమ్‌కి ఫోను చేసి జరిగిందంతా చెప్పాను. ఆవిడ పకపకా నవ్వారు.

"అయితే ఎడం చెయ్యి సంగతి పేపర్లో రాయాలి కదమ్మా."

"తప్పదా మేడమ్?"

"తప్పదు. ఎడమవి ఇన్నాళ్ళూ ఎందుకు కనపడలేదో చెప్పాలి కదా. మడి గురించి అక్కర్లేదు, పట్టుకున్న తీరు రాస్తే చాలు. ఆ 'ఎప్పుడూ కుడి వైపే' అన్న వాక్యం కొట్టెయ్."

కొట్టేశాను. ఒక్క గీత. దాని స్థానంలో రెండు వైపులా ఉంటుందని రాశాను, సేకరించేటప్పుడు ఎడమ పక్క వేలితో కప్పబడిందని రాశాను. బొమ్మల పేజీ మళ్ళీ మొదటి నుంచి గీశాను. బాబు పడుకున్నంతసేపూ చుక్కలు పెట్టేదాన్ని, లేవగానే పెన్ను మూత పెట్టేదాన్ని. ఎడమ ఆడది ఒక పక్క, కుడి ఆడది ఒక పక్క, ఒకదాని వైపు ఒకటి వంగి, తోటికోడళ్ళు చెవులు కొరుక్కుంటున్నట్టు వచ్చాయి. కింద మధ్యలో మగది.

పేరు విషయంలో ఇంట్లో కొంత గొడవ జరిగింది. మావారు తన పేరు పెట్టమన్నారు. "మగది నువ్వుగింజంతే ఉంటుందండి, సరిపోతుంది," అన్నాను. అత్తయ్యగారు నా మాట పూర్తి కానివ్వలేదు. "పురుక్కి మా ఇంటి పేరు పెట్టావంటే ఊరుకోను. ఆ రొయ్య నెత్తురు తాగేదానికి మనమే దొరికామా?" చివరికి లాటిన్‌లో బురదకి ఉన్న మాటే పెట్టాను. దానికి ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

ఈలోగా అత్తయ్యగారికి ఒక అనుమానం వచ్చింది. "నిజం చెప్పు. నేను కుడి చెయ్యి వద్దన్నందుకేగా నీ పురుగులు ఇన్నాళ్ళూ కనపడకుండా పోయాయి?"

"అవునండి. బయటపడింది కూడా మీరు తిట్టినందుకే."

ఆవిడ కాసేపు లెక్క వేసుకున్నారు. "అయితే సరిపోయింది," అన్నారు.

సవరించిన పేపరు వెళ్ళిపోయింది. జవాబు వచ్చిన రోజు నేను టీకా కోసం పిల్లల ఆసుపత్రిలో ఉన్నాను. లోపల నర్సు బాబు తొడ మీద దూది రుద్దుతోంది. నేను వాడి కాళ్ళు పట్టుకుని మొహం పక్కకి తిప్పుకున్నాను, సూది చూడలేక. బల్ల మీద పెట్టిన ఫోను వెలిగింది. పత్రిక పేరు. కింద మొదటి వాక్యం: మీ పేపరును ప్రచురణకు అంగీకరిస్తున్నాం. రెండో పరిశీలకుల మాట కూడా కనిపించింది. కొత్త జాతి అనడంలో తనకిక సందేహం లేదట.

సూది దిగింది. బాబు ఆసుపత్రి పైకప్పు ఎగిరిపోయేలా ఏడుపందుకున్నాడు. నేను నవ్వుతున్నాను. ఆపాలనుకున్నా ఆగడం లేదు.

నర్సు చేతిలో సిరంజి పట్టుకుని నా వైపు వింతగా చూసింది. "ఏంటండీ, పిల్లాడు అంతలా ఏడుస్తుంటే నవ్వుతారేంటి?"

"నా పురుగు కొత్తదేనంటండి," అన్నాను.

"పురుగా? ఎక్కడ?" అంటూ ఆమె గబగబా బాబు చొక్కా ఎత్తి చూసింది.

"వీడి మీద కాదండి. రొయ్య చెంపలో. ఇంతవరకూ ప్రపంచంలో ఎవరూ చూడలేదు, నేను చూశాను."

ఆమెకి ఏమీ అర్థం కాలేదు. కార్డు మీద తేదీ వేసి, "మళ్ళీ నెలకి తీసుకురండి, రాత్రికి జ్వరం రావచ్చు, భయపడకండి," అంది.

"భయపడనండి," అన్నాను. బాబుని భుజానికెత్తుకున్నాను. వాడింకా ఏడుస్తూనే ఉన్నాడు. తడిసిన మొహం నా మెడకి రుద్దుతున్నాడు. బయట వరసలో కూర్చున్న తల్లులంతా తలలెత్తి మా ఇద్దరినీ చూశారు, ఒకరు అంత ఏడుపు, ఒకరు అంత నవ్వు. నేను వాళ్ళ మధ్య నుంచి తలెత్తుకుని నడిచి, ఆటో పిలిచాను.